గొర్రెదాటు: ఒక పునర్విచారణ

ఆలోచన లేకుండా ఒకరి వెంట ఒకరు పోవడాన్ని తెలుగువారు గొర్రెదాటు అన్నారు. ఉర్దూవారు భేడ్‌చాల్ అన్నారు. మన కళాశాల ఆవరణలో వినిపించే ఈ రెండు భాషలూ అనేక విషయాలలో వేర్వేరు సంప్రదాయాలు కలవి. అయినా గొర్రెను నిందించడంలో మాత్రం రెండింటికీ ఏకాభిప్రాయం కుదిరింది. పెద్దలు మనలను మందలించవలసి వచ్చినా, పత్రికలు ప్రజలను విమర్శించవలసి వచ్చినా, ఈ మూగజీవాన్నే ఉపమానంగా తెచ్చి నిలబెడతారు. ఈ నింద ఎంతవరకు న్యాయమైనది? మంద నిజంగా ఎలా కదులుతుంది? అందులో ఒకదానికి తెలిసిన సంగతి తక్కిన వాటికి ఎలా చేరుతుంది? ఈ ప్రశ్నలను విచారిస్తే గొర్రెను గురించి కంటె మనుష్యుని గురించి మనకు ఎక్కువ తెలుస్తుందని నా విశ్వాసం.

పద్మనాభం పేరు చెప్పగానే చరిత్ర చదివినవారికి 1794 జూలై 10 గుర్తుకు వస్తుంది. విజయనగర ప్రభువు చిన విజయరామరాజు ఈస్టిండియా కంపెనీ సేనలతో పోరాడి నేలకొరిగిన దినం అది. భక్తులకు కొండమీది అనంతపద్మనాభస్వామి ఆలయం గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం ఆ కొండ దిగువన, కోత ముగిసిన పొలాలలో మేసే గొర్రెల మందలు గుర్తుకు వస్తాయి. పంట తీసిన చేలలో ఎరువు కోసం రైతులు మందలు కట్టించుకోవడం మన ప్రాంతాలలో చిరకాలపు ఆచారం. ఆ మందలను కాసేపు నిలబడి చూచినవారెవరైనా ఒక విషయం గమనించి ఉంటారు. మేస్తున్నప్పుడు గొర్రెలు మెల్లగా, ఎవరికి తోచిన వైపు అవి విడిపోతూ ఉంటాయి. గట్టు మీద ఒక కుక్క కనిపిస్తుంది. అంచున ఉన్న గొర్రె తల ఎత్తుతుంది. దాని పక్కనున్న రెండు మూడు తలలు లేస్తాయి. కుక్క తన దారిన తాను పోతే ఆ తలలు మళ్లీ గడ్డిలోకి దిగుతాయి. మందలో సగానికి ఆ సంగతే తెలియదు. కుక్క ముందుకు దూకితే మాత్రం కన్ను మూసి తెరిచేలోగా మంద అంతా ఒక ముద్ద అవుతుంది.

అంటే గొర్రెలు ప్రతి కదలికకూ పరుగెత్తవు. ఎక్కువ సంకేతాలు రెండు మూడు తలల దగ్గరనే ఆగిపోతాయి. కొన్ని మాత్రమే మంద అంతటా వ్యాపిస్తాయి. ఇది నా ఊహ మాత్రమే కాదు. ఫ్రాన్సులో నూరు మెరీనో గొర్రెల మందను పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధన ఇదే తీరును వర్ణించింది. మేత కోసం నెమ్మదిగా విస్తరించడం, ఉన్నట్టుండి వేగంగా దగ్గరకు చేరడం, మళ్లీ విస్తరించడం మంద జీవితమని తేలింది. ఒక వంక గడ్డి కావాలి, మరొక వంక రక్షణ కావాలి. ఈ రెండు అవసరాల నడుమ మంద తన సమతౌల్యాన్ని వెదకుకుంటుంది. 2022లో వెలువడిన మరొక పరిశోధన ఇంకొక ఆసక్తికరమైన సంగతి చెప్పింది. చిన్న గొర్రెల గుంపు బారుగా నడిచేటప్పుడు ముందున్నదే దారి చూపుతుంది, తక్కినవి అనుసరిస్తాయి. కాని ఆ పదవి శాశ్వతం కాదు. ఒక ప్రయాణం ముగిసి, మేత మేసి, మళ్లీ బయలుదేరేటప్పుడు వేరొక గొర్రె ముందుకు వస్తుంది. నేటి నాయకి రేపటి అనుచరి. మనం నిందించే గొర్రెదాటులో నాయకత్వం వంతుల వారీగా మారుతున్నదన్నమాట!

సంగతి ఒక జీవి నుంచి మరొక జీవికి ఎలా చేరుతుందన్నది తరువాతి ప్రశ్న. జంతువులకు వార్తాపత్రికలు లేవు. చాలా సందర్భాలలో అవి ప్రత్యేకంగా చెప్పుకోవడమంటూ కూడ ఉండదు. ఒకటి చేసిన పనే దాని పొరుగుదానికి వార్త అవుతుంది. భీమునిపట్నం తీరంలో మన మత్స్యకారులు కవ్వల గుంపును నీటి రంగును బట్టి, మెరుపును బట్టి గుర్తుపడతారు. ఆ గుంపులోని ప్రతి చేప కంటితోను, ఒడలి పక్కన నీటి కదలికను పసిగట్టే పార్శ్వరేఖతోను తన పొరుగు చేపను గమనిస్తూ ఉంటుంది. అంచున ఒక చేప మలుపు తిరిగితే ఆ మలుపు అల వలె గుంపు గుండా సాగిపోతుంది. శత్రువును చూడని చేపకు కూడ ఆ విధంగా శత్రువు సంగతి తెలుస్తుంది.

ఈ అల శత్రువు కంటె వేగంగా పోగలదు. గలాపగోస్ ద్వీపాల దగ్గర నీటిపై నడిచే సముద్రపు పురుగుల గుంపులలో దీనిని గమనించిన ట్రెహెర్న్, ఫోస్టర్ అనే శాస్త్రజ్ఞులు 1981లో దీనికి ట్రఫాల్గర్ ప్రభావమని పేరు పెట్టారు. 1805లో శత్రు నౌకాదళం రేవు విడిచి బయలుదేరిన సంగతి, కనుచూపు మేరకు అవతల ఉన్న నెల్సన్‌కు ఓడ నుంచి ఓడకు జెండాల సంజ్ఞల ద్వారా చేరింది. ఆ ఉదంతాన్ని పురస్కరించుకొని పెట్టిన పేరిది.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. వేలకొలది జీవులున్న గుంపులో ఒక్కొక్కటి ఎందరిని గమనించగలదు? రోము నగరంలో సాయంకాలం ఆకాశంలో విన్యాసాలు చేసే స్టార్లింగు పక్షులను ఇటలీ శాస్త్రజ్ఞులు అనేక ఛాయాచిత్రాల సాయంతో పరిశీలించారు. ఇవి మన గోరువంకల కుటుంబానికి చెందిన పక్షులే. 2008లో వారు ప్రకటించిన ఫలితం ప్రకారం ఒక్కొక్క పక్షి తనకు సమీపంలో ఉన్న ఆరేడు పక్షులతో మాత్రమే సంబంధం పెట్టుకుంటుంది. గుంపు చిక్కగా ఉన్నా, పలుచగా ఉన్నా ఆ సంఖ్య మారదు. ఆకాశాన్ని కప్పివేసే ఆ మహా సమూహం ఈ ఆరేడు చుట్టరికాల మీదనే నిలిచి ఉన్నది. ఎవరి పొరుగును వారు శ్రద్ధగా చూచుకోవడం వల్లనే గుంపు చీలదు.

అయితే, గుంపులో కొన్నింటికి మాత్రమే దారి తెలిసినప్పుడు ఏమి జరుగుతుంది? ఇయాన్ కజిన్, ఆయన సహచరులు 2005లో గణిత నమూనాల ద్వారా ఈ ప్రశ్నను పరిశీలించారు. తమకు తెలుసునని చాటుకోకపోయినా, ఎవరికి తెలుసునో తక్కినవాటికి తెలియకపోయినా, తెలిసిన కొద్ది జీవులు గుంపు మొత్తాన్ని గమ్యానికి చేర్చగలవని వారు చూపారు. గుంపు పెద్దదైన కొద్దీ కావలసిన తెలిసినవారి నిష్పత్తి తగ్గుతుంది కూడ. తరువాత జెన్స్ క్రౌజ్ బృందం ఈ విషయాన్ని మనుష్యుల మీదనే పరీక్షించింది. రెండువందల మందిని ఒక విశాలమైన ప్రదేశంలో మాట్లాడకుండా నడవమన్నారు. అందులో పదిమందికి మాత్రమే ఎక్కడికి పోవాలో రహస్యంగా చెప్పారు. తక్కిన నూటతొంబది మంది తమకు తెలియకుండానే ఆ పదిమంది వెంట నడిచారు. కాబట్టి గొర్రెదాటు గొర్రెల సొత్తు కాదు. మన అడుగులలో కూడ అది ఉన్నది.

ఇది బలమా, బలహీనతా? ఆ పదిమందికి తెలిసినది నిజమైతే బలం, అబద్ధమైతే వినాశం. గొర్రె పక్షాన వాదిస్తున్న నేను ఇందుకు విరుద్ధమైన సాక్ష్యాన్ని దాచడం న్యాయం కాదు. 2005 జూలైలో తుర్కీ దేశపు గెవాష్ పట్టణ సమీపంలో కాపరులు ఉదయపు ఫలహారానికి కూర్చున్న సమయంలో ఒక గొర్రె కొండ అంచు నుంచి దూకింది. దాని వెంట సుమారు 1500 గొర్రెలు దూకాయి. దాదాపు 450 మరణించాయి. మిగిలినవి చచ్చిన వాటి మీద పడి బతికాయి. గొర్రెదాటు అన్న మాట ఊరక పుట్టలేదని ఒప్పుకోవలసిందే.

మరి ఈ ప్రమాదాన్ని తప్పించుకునే మార్గం ప్రకృతిలో ఉన్నదా? ఉన్నది. దానిని చూడాలంటే తేనెటీగల దగ్గరకు పోవాలి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ పుణ్యమా అని మన కొండల తేనె మనందరి ఇళ్లకూ పరిచితమే. తేనెటీగ ఆహారమున్న దిక్కును, దూరాన్ని నృత్యం ద్వారా తన తోటివారికి తెలుపుతుందని కనుగొన్న కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి లభించింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్, తరువాత అమెరికాలో థామస్ సీలీ, పాత పట్టు విడిచి కొత్త గూడు వెదకుకునే తేనెటీగల గుంపును అధ్యయనం చేశారు.

పదివేల ఈగల గుంపులో వెదకబోయేవి కొన్ని వందలు మాత్రమే. ఒక అన్వేషకి మంచి తొర్రను చూచి వచ్చి నర్తిస్తుంది. ఆ నృత్యాన్ని చూచిన మరొక ఈగ వెంటనే తానూ నర్తించదు. ముందు ఎగిరి అక్కడికి పోతుంది. లోపల తిరిగి చూస్తుంది. తనకు నచ్చితేనే తిరిగి వచ్చి నర్తిస్తుంది. తొర్ర ఎంత మంచిదైతే నృత్యం అంత సేపు సాగుతుంది. వేరొక చోటును మెచ్చిన ఈగ వచ్చి తలతో తాకి, చిన్న ధ్వని చేసి ఆపు అని సూచించడం కూడ కద్దు. చూచి నచ్చి ఆ తొర్ర వద్ద చేరిన ఈగల సంఖ్య ఒక మేరకు మించినప్పుడే గుంపు లేస్తుంది. అప్పుడు ఆ చోటు తెలిసిన ఈగలు గుంపు పై భాగంలో వేగంగా దూసుకుపోతూ తక్కిన వేలకు దిక్కు చూపుతాయి.

విన్న ఈగ తాను చూడకుండా నర్తించదు. ఈ ఒక్క నియమమే పదివేల ప్రాణాలను కాపాడుతున్నది. నియమం చిన్నదే కాని, మన సమాజంలో ఎంతమంది దీనిని పాటిస్తున్నామో గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పుకోవాలి.

అనుభవానికి కూడ మందలలో స్థానమున్నది. ఏనుగుల గుంపును వృద్ధురాలైన ఆడ ఏనుగు నడిపిస్తుంది. ఆఫ్రికాలోని అంబోసెలిలో చేసిన పరిశోధనలను కేరెన్ మెకూంబ్ బృందం 2001లో ప్రకటించింది. పరిచితుల పిలుపునూ, కొత్తవారి పిలుపునూ వేరు పరచడంలో ఎక్కువ వయస్సు గల నాయకి ఉన్న కుటుంబాలు మిన్నగా ఉన్నాయని అందులో తేలింది. 2018లో ఒడిశా నుంచి శ్రీకాకుళం జిల్లాలోకి ప్రవేశించిన ఏనుగులను మనం పంటలకు వచ్చిన ఆపదగా మాత్రమే చూచాం. ఏ దారిలో నీరున్నది, ఏ శబ్దానికి బెదరాలి, దేనికి బెదరనక్కర లేదు అనే జ్ఞానాన్ని పిల్లలకు అందించే పెద్దలు ఏనుగుల కుటుంబాలలో ఉంటారన్న సంగతి మనకు తోచలేదు. బెదరడం ఎంత అవసరమో, బెదరకపోవడం కూడ అంతే అవసరం.

ఇక మన సంగతికి వద్దాం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. కాకినాడ మీద కూడ అదే దినం దాడి జరిగింది. పట్టణవాసులు మూటలు కట్టుకొని పల్లెలకు తరలిపోయారు. ఆనాటి పరుగు గొర్రెదాటు కాదు, కంటితో చూచిన ఆపదకు ప్రతిస్పందన. దానిని ఎవరూ తప్పు పట్టలేరు. కాని 2018లో జరిగినదేమి? పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్ ద్వారా దేశంలోని అనేక రాష్ట్రాలలో వ్యాపించింది. మన రెండు తెలుగు రాష్ట్రాలలో కూడ అమాయకులను జనం పట్టి కొట్టారు, ప్రాణాలు పోయాయి. జూలై 1న మహారాష్ట్రలోని ధూళే జిల్లా రెయిన్‌పాడా గ్రామంలో ఐదుగురు సంచార జాతి మనుష్యులను గుంపు కొట్టి చంపింది. వారిలో ఒక్కరూ ఏ బిడ్డనూ ఎత్తుకుపోలేదు. కుక్క లేని గట్టును చూచి మంద పరుగెత్తింది. ఆ పరుగు కింద మనుష్యులు నలిగిపోయారు.

ఇక్కడనే గొర్రెకూ మనకూ గల భేదం స్పష్టమవుతుంది. మందలో సంకేతం పంపే జీవి తన ఒడలితోనే పంపుతుంది. అనవసరంగా పరుగెత్తిన గొర్రె మేత పోగొట్టుకుంటుంది, అలసిపోతుంది. అబద్ధపు వార్తకు మూల్యం ముందుగా చెల్లించేది ఆ వార్తను మోసినదే. అందువల్లనే రెండు మూడు తలలు లేచి, చూచి, మళ్లీ వాలిపోతాయి. మనుష్యుడో, కూర్చున్న చోటు కదలకుండా, బొటనవ్రేలు కదిపి, ఊరిని పరుగెత్తించగలడు. అతని మేతకు లోటు లేదు. అతనికి అలసట లేదు. మూల్యం చెల్లించేది దారిన పోయే అపరిచితుడు. గొర్రెలకు లేని ఈ సౌకర్యమే మన వినాశానికి మూలం.

2018 జూలైలో ఆ సంస్థ భారతదేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదింటికి మించి పంపడానికి వీలు లేకుండా చేసింది. స్టార్లింగు పక్షి చూచుకునే ఆరేడు పొరుగుల సంఖ్యకు ఇది దగ్గరగా ఉండడం కాకతాళీయమే కావచ్చు. కాని హద్దు మాత్రం సరిపోదు. పక్షి తన పొరుగును చూస్తున్నది, మనం పొరుగును చూడడం మానివేశాం. ఆ యేడే గద్వాల జిల్లాలో పోలీసు అధికారిణి రెమా రాజేశ్వరి చేసిన పని గుర్తింపదగినది. ఒక్కొక్క పోలీసును కొన్ని గ్రామాలకు పరిచయస్థుని చేసి, డప్పుతోను, పాటతోను ఇంటింటికీ పోయి పుకార్ల సంగతి చెప్పించారు. అబద్ధం ఏ దారిన వచ్చిందో ఆ దారినే, అంటే పొరుగు నుంచి పొరుగుకు, నిజాన్ని నడిపించారు. తెలిసిన కొద్దిమంది తెలియని అనేకులను ఎలా కాపాడగలరో దీనికంటె మంచి నిదర్శనం వేరే అక్కరలేదు.

అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలో చదివేవారికి ఈ విషయం మరింత దగ్గరది. పుకారు మొదట వెదకేది అపరిచితుణ్ణి. వేషం వేరైనవాణ్ణి, భాష వేరైనవాణ్ణి, ప్రార్థన వేరైనవాణ్ణి. కాబట్టి ఈ దేశంలో విచారణ అనే గుణం వర్ధిల్లడం మనకు ఆత్మరక్షణతో సమానం. కాని మన సమూహాలలో తిరిగే పుకార్లు కూడ మరొకరి ప్రాణం మీదకు తెస్తాయి. ఇతరులు మనలను గురించి విచారించి మాట్లాడాలని కోరే హక్కు, మనం ఇతరులను గురించి విచారించి మాట్లాడినప్పుడే లభిస్తుంది.

ఇది కొత్త బోధ కాదు. ఖురాను 27వ అధ్యాయానికి చీమ అని పేరు. రాబోయే సైన్యాన్ని చూచి తోటి చీమలను హెచ్చరించిన చీమ ప్రసక్తి అందులో ఉన్నది. ఆ అధ్యాయంలోనే హుద్‌హుద్ పక్షి దూరదేశపు వార్తను మోసుకొస్తుంది. సులైమాన్ ప్రవక్త ఆ వార్తను త్రోసిపుచ్చలేదు, వెంటనే నమ్మనూ లేదు. నిజమో కాదో విచారించడానికి పూనుకున్నాడు. ఇటు మిత్రలాభ కథలో చిత్రగ్రీవుడనే పావురాల రాజు నిర్జనమైన అడవిలో నూకలు ఎక్కడివని సందేహించాడు. గుంపు వినలేదు, వలలో పడింది. పిమ్మట అన్నీ ఒక్కుమ్మడిగా ఎగిరి వలతో సహా తప్పించుకున్నాయి. గుంపు వల్లనే చిక్కు, గుంపు వల్లనే విముక్తి. సందేహించినవాని మాట మొదటనే విని ఉంటే రెండవదాని అవసరమే కలిగేది కాదు.

కనుక కళాశాల పాలకవర్గానికి ఒక విన్నపం. గ్రంథాలయ ద్వారం వద్ద ఒక నల్లబల్ల ఏర్పాటు చేయించండి. దాని మీద ఒక వైపు విన్నది, మరొక వైపు విచారించినది అని ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించండి. ఆవరణలో తిరిగే ప్రతి వార్తను, అది పరీక్షల వాయిదా కావచ్చు, పక్క వీథిలో గొడవ కావచ్చు, మొదటి వైపున వ్రాయనివ్వండి. వారానికి ఇద్దరు విద్యార్థులు, ఉర్దూ శాఖ నుంచి ఒకరు, తెలుగు శాఖ నుంచి ఒకరు, కలసి విచారించి రెండవ వైపు నింపాలి. ఖర్చు ఒక సుద్దముక్క. మూడేళ్లలో ఎంతమంది విద్యార్థులు ఆ వంతు పొంది బయటకు పోతారో ఆలోచించండి. రెండువందల మందికి పదిమంది చాలునన్న లెక్క ఉండనే ఉన్నది.

సోదర విద్యార్థులారా! గుంపులో ఉండడం అవమానం కాదు. మందలో బతికే జీవికి ఏకాకిగా బతకడం కష్టం. ఒకరి వెంట ఒకరు నడవడం కూడ తప్పు కాదు. కాని పక్కవాడు పరుగెత్తినప్పుడు ఒక్కసారి తల ఎత్తి గట్టు మీద కుక్క ఉన్నదా లేదా అని చూడడం మన విధి. పద్మనాభం పొలంలోని గొర్రె ఆ పని దినమంతా చేస్తూనే ఉన్నది. దానిపై వేసిన నిందను మన రెండు భాషలూ వెనక్కు తీసుకోకపోయినా, దాని నుంచి ఆ ఒక్క అలవాటునైనా నేర్చుకుంటే చాలును.